మా ఆయన కొన్న తుప్పు

నవంబర్ 8

దుకాణం మూసేశాక మిగిలినవి: బొగ్గులు రెండు బస్తాలు, వెదురు పుల్లలు ఒక పెట్టె, ఆర్డరు పుస్తకాలు కొన్ని. బొగ్గులు పక్కింటివాళ్లు పట్టుకుపోయారు. పుల్లలు ఇంకెవరో అడిగారు. ఆర్డరు పుస్తకాలు మాత్రం ఎవరికీ అక్కర్లేకపోయాయి. ఒకటి సంచిలో పడేసుకొచ్చాను. కాగితానికి ముందువైపు "కాల్చిన మలుగు చేప – పెద్దది, చిన్నది, కాలేయం పులుసు" అని అచ్చు ఉంటుంది. వెనకవైపు ఖాళీ. ఆ ఖాళీలో నా ఏడుపు నేను రాసుకుంటే ఎవరి సొమ్మూ పోదు.

పెళ్లైన ఇరవై ఆరేళ్లకి ఇది మా మొదటి ప్రయాణం. హమమాత్సులో మా దుకాణం ఉన్న భవనం కూలగొడుతున్నారు కాబట్టి కుదిరింది. అది నిలబడి ఉంటే నేను ఇంకా అక్కడే గిన్నెలు తోముతూ ఉండేదాన్ని. ఖాళీ చేసినందుకు భవనం వాళ్లు ఇచ్చిన సొమ్ము మా ఆయన యసుహిరో గారి కోటు లోపలి జేబులో ఉంది. అది దేనికో ఇద్దరం అనుకునే బయలుదేరాం. నేను పుట్టి పెరిగిన ఉషిమదోలో, రేవు పక్కన, చిన్న అన్నం ముద్దల కొట్టు. నాది. గుమ్మం తెర మీద "కినుయో" అని నా పేరే ఉంటుంది. ఇన్నాళ్లూ "మొరివాకి" అని ఉన్న తెరని పొద్దున కట్టి, సాయంత్రం విప్పి, ఉతికి, ఇస్త్రీ చేసినదాన్ని నేనే. పేరు మాత్రం వాళ్ల తాతగారిది.

బస్సులో ఆయన జేబు మీద చెయ్యి వేసుకుని నిద్రపోయారు. ఎంత బాధ్యత గల మనిషో అని మురిసిపోయాను.

నవంబర్ 9

ఇరియే పిన్ని కొట్టు చూశాం. చిన్నప్పుడు నేను ఎండుచేపలు కొనుక్కుని, డబ్బులు రేపిస్తానని పారిపోయిన కొట్టే. పిన్నికి ఎనభై మూడు. గొంతుకి మాత్రం ఇరవై.

"ఒసేయ్ కినూ, నువ్వు కూడా ముసలిదానివైపోయావే!" అంది గుమ్మంలోనే. తర్వాత మా ఆయన్ని కింద నుంచి పైకి చూసి, "ఈయనేనా చేపలు కోసే ఆయన? మాట్లాడడా?" అంది.

"మాట్లాడతారు పిన్నీ, పండగలకి."

పిన్ని పకపకా నవ్వింది. ఆయన నవ్వలేదు. పండగ కాదుగా.

కిటికీ సముద్రం వైపు ఉంది. పొయ్యి పాతదే గాని బాగుంది. అన్నం గుండిగ ఎక్కడ పడుతుందో చేతులు చాపి కొలుచుకున్నాను. ఆయన కొళాయి తిప్పి చూసి, "కారుతోంది" అన్నారు. మా ఆయన నోటి నుంచి అది పొగడ్తే, బాగోకపోతే కొళాయి దాకా వెళ్లరు.

"ఒకాయామా నుంచి ఒక జంట వచ్చి పోతున్నారే" అంది పిన్ని. "కాఫీ కొట్టు పెడతారట. గోడలకి సున్నం కొట్టి, కప్పు ఎనిమిది వందల యెన్లకి అమ్ముతారట, సిగ్గు లేకుండా. నాకు నువ్వే కావాలి. కాగితాలు రాసే నా కొడుకు ఇరవై ఐదున ఒసాకా నుంచి వస్తాడు. ఆ పొద్దున అడ్వాన్సు తెచ్చావా, తాళం నీది. తేలేదా, కాఫీ వాళ్లది. నాకు మొహమాటాల్లేవు, ముందే చెప్తున్నా."

"తెస్తాను పిన్నీ" అన్నాను. ఆయన జేబు తడుముకున్నారు.

ఇవాళ నాకు సంతోషంగా ఉంది. తర్వాత మర్చిపోతానేమోనని రాసిపెట్టుకుంటున్నాను.

నవంబర్ 11

ఇరవై ఐదు దాకా ఖాళీయే కదా, పక్కనే ఒసాఫునే, ఊరికే చూసొద్దాం అన్నారు. ఒసాఫునే కత్తుల ఊరు. ముప్పై ఐదేళ్లు పొద్దున లేస్తే కత్తి పట్టిన మనిషి సెలవుల్లో ఏం చూడాలి? కత్తులు చూడాలి. నేను గిన్నెల ఊరేదైనా ఉందేమో కనుక్కోవాల్సింది.

ఒరితా గారి కొట్టులోకి వెళ్లాం. డెబ్బై దాటిన బక్కపల్చటి మనిషి. గొంతు పెంచకుండానే ఎదుటివాణ్ణి చిన్నబుచ్చగలరు. మా ఇద్దరికీ టీ, పాకం పట్టిన చెస్ట్‌నట్లు పెట్టి, ఈయన చేతులు చూసి, "వంటవారా?" అన్నారు. అంతే, ఈయన మొహం చాటంత అయింది.

మూడు కత్తులు చూపించారు. మూడోది పొట్టిది, మోచేతంత. రంగు లేని తెల్ల చెక్క ఒర, తెల్ల చెక్క పిడి. "కత్తి మీద మాట్లాడకూడదు, తుంపర పడుతుంది" అన్నారు ఒరితా గారు. మా ఆయనకి అది శిక్షేం కాదు. ఒర తీసే ముందు ఈయన కత్తికి తల వంచి దణ్ణం పెట్టారు. నాకు ఇరవై ఆరేళ్లలో ఒక్కసారీ ఆ వంపు చూసే భాగ్యం కలగలేదు.

కిటికీ వైపు తిప్పి చూశారు. ఎంతసేపు చూశారంటే నా టీ చల్లారితే రెండోసారి పోశారు, అదీ చల్లారింది.

తర్వాత ఒరితా గారు వెదురు మేకు కొట్టి పిడి ఊడదీశారు. పిడి లోపల దాగే మొదలంతా నల్లటి తుప్పు. తుప్పులో చెక్కిన అక్షరాలు, చేసినవాడి పేరు, రెండు వందల ఏళ్ల కిందటిది. ఆ తుప్పు గురించి ఒరితా గారు ఏదో చాలాసేపు చెప్పారు. నేను వినలేదు. చెస్ట్‌నట్లు తింటున్నాను. చాలా బాగున్నాయి.

"ఇది ఇవ్వండి" అన్నారు మా ఆయన, తోఫూ అడిగినంత తేలిగ్గా.

"ఏవండీ, ఒక్క మాట."

"ఊఁ."

"ఎందుకది?"

"కొయ్యక్కర్లేని కత్తి నాకూ ఒకటి ఉండాలి."

"మరి కొట్టు సంగతి?"

"చూద్దాం."

చూద్దాం! లోపలి జేబులోంచి కవరు తీశారు. కత్తి ధరా, పిన్ని అడ్వాన్సూ దాదాపు ఒక్కటే. దేవుడి లీల. నేను బయటికొచ్చి బూట్లు వేసుకున్నాను. వాళ్లిద్దరూ లోపల ఇంకా ఏదో మాట్లాడుకుంటూనే ఉన్నారు. కొన్నందుకు అభినందనలు కాబోలు.

నవంబర్ 12

నాకు కోపం లేదు.

నవంబర్ 13

కత్తిగారి దినచర్య: పొద్దున తొమ్మిదింటికి జరీ సంచిలోంచి బయటికి వస్తారు. మా ఆయన చాప మీద మోకాళ్ల మీద కూర్చుని వంగి దణ్ణం పెడతారు. పాత నూనె మెత్తటి కాగితంతో తుడుస్తారు. పొడి మూటతో అద్దుతారు. మళ్లీ తుడుస్తారు. మళ్లీ నూనె రాస్తారు. మేకు తీసి, పిడి ఊడదీసి, పేరు చూసుకుని, మళ్లీ పిడి తొడిగి, దణ్ణం పెట్టి, పడుకోబెడతారు.

మేం దిగిన సత్రం ఆవిడ టిఫిను పళ్లాలు తెచ్చి, ఇది చూసి తలుపు మూసుకుని వెళ్లిపోయింది. ఎవరికో తద్దినం పెడుతున్నామని అనుకుని ఉంటుంది.

"కాగితాలు పంపాలి" అన్నారు ఆయన. "యజమాని మారినట్టు విద్యాశాఖకి రాయాలి."

"కత్తికి చదువు చెప్పిస్తారా?"

"అదే పద్ధతి. పాత కత్తుల లెక్క వాళ్ల దగ్గరే."

"పెళ్లాం మారినట్టు ఎవరికి రాయాలో కూడా కనుక్కోండి."

నవ్వలేదు. కిటికీ తెరిచి రేవు వైపు చూస్తూ కూర్చున్నారు. పిన్ని కొట్టు ఇక్కడి నుంచి కనిపిస్తుంది. ఏం ఆలోచిస్తున్నారని అడిగితే "ఏం లేదు" అన్నారు. కోపం లేదు అని మళ్లీ రాసుకుంటున్నాను.

నవంబర్ 14

మధ్యాహ్నం ఆయన వేడినీళ్ల స్నానశాలకి వెళ్లారు. భుజం నొప్పి. గంటన్నర రారు.

తుప్పు చూస్తే తోమడం నా పని. పెళ్లైన కొత్తలో ఒక కత్తి అంచున మినపగింజంత తుప్పు కనిపించిందని ఆయన నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడింది కూడా, "మా ఇంట్లో తుప్పంటే పరువు పోయినట్టు" అని చెప్పడానికే. ఆ పూట నుంచి మా వంటింట్లో తుప్పు అనేది లేదు. నేను నేర్చుకున్న చదువు అది. నేర్పిందెవరు?

కాబట్టి మేకు తీశాను. రోజూ చూస్తున్నదే, కష్టం కాదు. సత్రం వంటింట్లోంచి గిన్నెల పొడి, స్టీలు పీచు తెచ్చాను. చేతులు కడిగే తొట్టిలో కూర్చోబెట్టి తోమాను. నల్లనీళ్లు పోయాయి. మొండి తుప్పు. అన్నం మాడిన గుండిగలు తోమిన చెయ్యి నాది, దానికి ఇదో లెక్కా? రెండు వందల ఏళ్లు పట్టినది ముప్పావు గంటలో వదిలింది.

అక్షరాలున్న చోట తోమలేదు. చెయ్యి నొప్పెట్టింది.

తుడిచి, పిడి తొడిగి, మేకు కొట్టి, సంచిలో పెట్టేశాను. ఆయన వచ్చేసరికి కమలాపండు ఒలుచుకుంటున్నాను. "నీళ్లు బాగున్నాయి" అన్నారు. "నాకూ బాగానే గడిచింది" అన్నాను.

ఒక వంటవాడి పెళ్లానికి తుప్పు విలువ తెలియాలని ఎక్కడైనా రాసి ఉందా? ఎవరికి తెలుసు ఇవన్నీ?

నవంబర్ 15

ఇవాళ ఆయన కత్తి తియ్యలేదు. భుజం పట్టేసింది. సత్రం ఫోన్ దగ్గర ఎవరితోనో మెల్లగా మాట్లాడారు. నేను వస్తే ఆపేశారు.

ఆయన కిందికి వెళ్లినప్పుడు పిడి తీసి చూశాను. కొత్త గరిటె కాడలా తెల్లగా మెరుస్తోంది. మధ్యలో అక్షరాల చుట్టూ మాత్రం నల్లటి మచ్చ.

చేప కోసిన కత్తి కడక్కుండా వదిలేస్తే ఒక్క రాత్రిలో తుప్పు పడుతుంది. అది నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. ఉప్పునీళ్లు కలిపి, గుడ్డతో రాశాను. కొంచెం సోయా సాస్ కూడా, రంగు కోసం. జీవితమంతా తుప్పు పట్టకుండా కాపలా కాసి, ఇవాళ తల్లీ, తొందరగా పట్టవే అని బతిమాలుతున్నాను.

నవంబర్ 16

పట్టింది. నారింజ రంగులో పట్టింది. పాతది నలుపు. ఇవాళ కూడా ఆయన సంచి విప్పలేదు.

నవంబర్ 17

పొద్దున్నే ఆయన జరీ సంచి భుజాన వేసుకుని, "ఓయ్, పద. ఒసాఫునే వెళ్లాలి" అన్నారు. ఎందుకని అడిగితే, పని ఉంది అన్నారు. రైల్లో ఆయన నా వైపు ఒక కమలాపండు తోశారు. ఒలవకుండా ఒళ్లో పెట్టుకున్నాను.

ఒరితా గారు మళ్లీ టీ పెట్టారు. చెస్ట్‌నట్లు పెట్టలేదు.

"మీరు ఫోన్‌లో చెప్పారు గనక సొమ్ము సిద్ధంగా పెట్టాను" అన్నారు. "బాధేం లేదు. వారంలోపు, ఇచ్చినట్టే తెస్తే తీసుకుంటానని మాట ఇచ్చాను గదా. అమ్మగారి మొహం చూసి ఆ రోజే అనుకున్నాను."

అప్పుడు తెలిసింది. ఆ రోజు నేను బూట్లు వేసుకుంటుంటే లోపల మాట్లాడుకున్నది అదీ. మొన్న ఫోన్‌లో మాట్లాడింది అదీ. ఈయన కత్తి వెనక్కి ఇచ్చి, నా కొట్టు సొమ్ము తెచ్చుకోవడానికి వచ్చారు. నాకు చెప్పొచ్చు కదా! నోరు తెరిచి ఒక్క మాట! చెప్పరు. పండగ రాలేదుగా.

ఒరితా గారు వంగి దణ్ణం పెట్టి, ఒర తీసి, కత్తి చూసి, బాగుంది అని తలాడించారు. మేకు కొట్టారు. పిడి ఊడదీశారు.

ఎవరూ మాట్లాడలేదు. కత్తి మీద మాట్లాడకూడదు అన్నది ఆయనే కదా. కానీ కత్తి కింద పెట్టేశాక కూడా మాట్లాడలేదు. మా ఆయన ముందుకి వంగి మొదలు చూశారు. చాలాసేపు చూశారు. నా వైపు చూస్తారనుకున్నాను. చూడలేదు.

"నేనే తోమాను" అన్నారు.

"మీరా?" అన్నారు ఒరితా గారు.

"వంటవాణ్ణి. తుప్పు చూస్తే చెయ్యి ఆగదు."

"ఈ నారింజ రంగు ఏమిటి?"

"భయం వేసి ఉప్పునీళ్లు రాశాను. తిరిగి పడుతుందేమోనని."

ఒరితా గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. గొంతు పెంచలేదు. "ముప్పై ఐదేళ్లు కత్తితో బతికిన మనిషి గదా అని మీ చేతికి ఇచ్చాను. ఈ మొదలు రెండు వందల ఏళ్లలో ఎంతమంది చేతులు మారిందో నాకే తెలియదు. యుద్ధాలు చూసింది, వరదలు చూసింది, ఆకలి రోజులు చూసింది. ఒక్కడు కూడా దీన్ని ముట్టుకోలేదు. ఇది ఎన్నాళ్లదో చెప్పేది ఆ నలుపే అని, దాన్ని మాత్రం గీకొద్దని, ఇక్కడే కూర్చోబెట్టి చెప్పాను. చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పాను. మీరు దాన్ని గిన్నె తోమినట్టు తోమారు. ఇంక దీన్ని నేను తీసుకోలేను. తీసుకునేవాడు ఎవడూ దొరకడు కూడా. మీరే ఉంచుకోండి. ఉంచుకుని చూసుకుంటూ ఉండండి."

మా ఆయన చాపకి నుదురు తగిలేలా వంగారు. "తప్పైపోయింది" అన్నారు.

నేను పక్కనే ఉన్నాను. నాకు నోరుంది. నా నోటి గురించి హమమాత్సులో మా వీధంతా చెప్పుకుంటారు. ఆ నోరు పెగల్లేదు.

రైల్లో ఆయన అన్నది ఒక్కటే మాట. "పిన్నిగారి అడ్వాన్సు..." అని, అక్కడితో ఆపేశారు.

నవంబర్ 18

చెప్పలేదు.

నవంబర్ 19

ఇవాళ చెబ్దామనుకున్నాను. వర్షం పడింది. వర్షానికీ దీనికీ సంబంధం ఏమిటో నాకే తెలియదు.

నవంబర్ 21

మా ఆయన రెండు రోజులుగా పొద్దున్నే లేచి ఎటో పోతున్నారు. ఇవాళ వెనకే వెళ్లాను. జాలర్ల సంఘం షెడ్డులో, గుల్లలు ఒలిచే ఆడవాళ్ల మధ్య, ఒక పీట మీద కూర్చుని ఉన్నారు. రబ్బరు ఏప్రను, రబ్బరు చేతితొడుగులు. ఆయన కోసిన మలుగు చేప తినడానికి నగోయా నుంచి కార్లు వేసుకొచ్చేవాళ్లు. ఆయన ఇప్పుడు బొటనవేలంత కత్తితో ఆయిస్టర్ గుల్ల తెరిచి, లోపలి కండ బకెట్లో వేస్తున్నారు. నొప్పి ఉన్న ఆ భుజంతోనే.

పక్క పీట మీది ముసలమ్మ, "ఏంటి మాస్టారూ, మీరు తెరిచేసరికి గుల్ల ముసలిదైపోతోంది! పెళ్లాన్ని కూడా వెంటబెట్టుకుని రావాల్సింది, కాస్త చెయ్యి ఆడేది" అంటోంది. అందరూ నవ్వుతున్నారు. ఈయనా నవ్వుతున్నారు. మా ఆయన అంత నవ్వడం నేను చూడలేదు. కడుపు మండింది. ఎందుకు మండిందో తెలియదు. ఇరవై ఐదు లోపల ఈ గుల్లల కూలీతో అడ్వాన్సు కూడదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. అయినా వెళ్తున్నారు.

తిరిగొచ్చి పాత కాగితాలు చదివాను. ఎంత ముద్దుగా రాసుకున్నాను! "నేను వినలేదు. చెస్ట్‌నట్లు తింటున్నాను." ఎవరు చూస్తారని ఈ అబద్ధం? ఈ కాగితం నేను తప్ప ఎవరూ చదవరు. నాకు నేనే అబద్ధం చెప్పుకుని, దాన్ని భద్రంగా దాచుకున్నాను.

విన్నాను. ఒరితా గారి ప్రతి మాటా విన్నాను. తుప్పే దాని వయసు, తుప్పు పోతే ఇంక అది ఎందుకూ పనికిరాదు అని ఆయన చెబుతుంటే, మిఠాయి నోట్లో పెట్టుకుని, ఒక్క అక్షరం పోకుండా విన్నాను. ఆ పధ్నాలుగో తారీఖున పీచు పట్టుకున్నప్పుడు అవే మాటలు చెవిలో ఉన్నాయి. తెలిసే తోమాను. ఆయనకి ఇష్టమైనదాన్ని ఎందుకూ పనికిరాకుండా చెయ్యాలని తోమాను. తోముతుంటే హాయిగా ఉంది. అది కూడా రాసుకోవాలి. హాయిగా ఉంది.

ఆ తోమింది నా కొట్టునే అని ఎవరు అనుకున్నారు?

నవంబర్ 24

టిఫిను దగ్గర చెప్పాను. మిసో పులుసు, ఉప్పుచేప. ఆయన చేప ముళ్లు తీస్తున్నారు.

"ఏవండీ."

"ఊఁ."

"కత్తి నేను తెలియక తోమలేదు. ఒరితా గారు చెప్పిందంతా విన్నాను. విని తోమాను."

ఒక ముల్లు తీసి పళ్లెం అంచున పెట్టారు. ఇంకోటి తీశారు.

"తెలుసు."

"ఏం తెలుసు మీకు?"

"తెలియక తోమినదానివైతే, తోమగానే తెచ్చి నా మొహం ముందు పెట్టి, 'చూడండి ఎలా తళతళలాడుతోందో, మీ వల్ల ఎప్పుడైనా అయిందా' అని సాయంత్రం దాకా దెప్పేదానివి. నువ్వు దాచావు. పైగా ఉప్పునీళ్లు. తెలియనివాళ్లకి ఉప్పునీళ్లతో పనేమిటి?"

తల కొట్టేసినట్టయింది. "మరి ఆయన ముందు నేనే అని ఎందుకన్నారు? అన్ని తిట్లు తిని?"

"నిన్ను అడక్కుండా నీ సొమ్ము పెట్టి కొన్నదెవరు? ఆ తిట్లు నాకు రావలసినవే. వేరే తప్పుకి వచ్చాయి, అంతే."

"నాకు రావలసినవో?"

"ఉన్నాయి. తొందరేముంది." పులుసు తాగారు. గిన్నె కింద పెట్టి, "అక్షరాల దగ్గర ఎందుకు ఆగావు?" అన్నారు.

"చెయ్యి నొప్పెట్టింది."

"నీకా? చెయ్యి?"

ఇంక అబద్ధం ఆడే ఓపిక లేకపోయింది. "పేరు కదండీ. ఎవరో పాపం, జీవితమంతా కొలిమి దగ్గర కూర్చుని, ఎవరికీ కనపడని చోట తన పేరు పెట్టుకున్నాడు. అది చెరపడానికి చెయ్యి రాలేదు."

ఆయన తినే పుల్లలు కింద పెట్టేశారు. తర్వాత మాట్లాడారు. "ఆ కొట్టులో కత్తి చేతికిచ్చాక నాకు ఇంకేం గుర్తులేదు. నువ్వు పక్కన ఉన్నావన్నది కూడా. మర్నాడు కిటికీలోంచి పిన్నిగారి కొట్టు చూస్తే సిగ్గేసింది. ఆ సిగ్గు నీకు చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టేది. రెండో రోజే నువ్వు తోమేశావు." పెళ్లైనప్పటి నుంచి నేను ఆయన నోట విన్న అతి పొడుగు మాట ఇదే. ఇక్కడ రాసుకోకపోతే రేపు నేనే నమ్మను. రాస్తుంటే ఏడుపొస్తోంది.

రేపు ఇరవై ఐదు. పిన్నికి ఏం చెప్పాలి అన్నాను.

"మా ఆయన వద్దన్నాడని చెప్పు" అన్నారు. "నమ్ముతారు. నా మొహం అలాంటిదే."

నిజమే, ఎవరైనా నమ్ముతారు. అదే చెబుతాను. ఆయనే అన్నాక నాకేం?

నవంబర్ 25

పొద్దున పిన్నికి ఫోన్ చేశాను, ఆవిడ కొడుకు రాకముందే. ఆయన షెడ్డుకి బయలుదేరుతూ గుమ్మం దగ్గర రబ్బరు బూట్లు తొడుక్కుంటున్నారు.

"పిన్నీ, కొట్టు తీసుకోలేను."

"అయ్యో! ఏమైందే? ఆ మూగమొద్దు వద్దన్నాడా? చెప్పవే. నాకు ఆ రోజే అనుమానం వచ్చింది. కొళాయి కారుతోందట, కొళాయి! ఇన్నేళ్లు నీ చేత వెట్టిచాకిరీ చేయించుకుని, ఇప్పుడు నీకంటూ ఒక్క గది చేసుకుంటానంటే గుండెల్లో రాయి పడిందా ఆ మనిషికి? నాకివ్వు ఫోను, నాలుగు పెడతాను!"

నేను "ఊఁ" అంటే చాలు. మధ్యాహ్నానికల్లా ఉషిమదో అంతా నా మీద జాలిపడేది. ఆడవాళ్లు ఊరగాయలు తెచ్చిచ్చేవాళ్లు. షెడ్డులో ఆ ముసలమ్మ ఈయన్ని పీట మీద కూర్చోనిచ్చేది కాదు. పిన్ని గొంతు ఫోను దాటి గదంతా వినిపిస్తోంది. ఆయన తలెత్తలేదు. రెండో బూటు తొడుక్కుంటున్నారు.

"కాదు పిన్నీ" అన్నాను. "ఆయన వద్దనలేదు. సొమ్ము వెనక్కి తేవడానికి వెళ్లారు కూడా. నేనే పోగొట్టాను. కావాలని పోగొట్టాను."

"నువ్వేంటే, నువ్వెలా పోగొట్టావు?"

చెప్పాను. చెస్ట్‌నట్ల నుంచి సోయా సాస్ దాకా అన్నీ చెప్పాను. మధ్యలో ఆపితే మళ్లీ చెప్పలేనని ఊపిరి తీసుకోకుండా చెప్పాను.

"పిచ్చి మొద్దా" అంది పిన్ని చివరికి, మెల్లగా. "కాఫీ వాళ్లకి ఫోన్ చేసేస్తా మరి."

"చెయ్యి పిన్నీ."

ఫోన్ పెట్టేశాక ఏడ్చాను. మర్యాదగా కాదు, ముక్కు కారేలా ఏడ్చాను. కిటికీలోంచి కొట్టు కనబడుతూనే ఉంది. ఆయన బూట్లు తొడుక్కోవడం ఎప్పుడో అయిపోయింది. అయినా కదల్లేదు. పనికి ఆలస్యమవుతున్నా గుమ్మంలోనే నిలబడ్డారు.

"ఓయ్" అన్నారు.

"ఏమిటి?"

"షెడ్డులో ఇంకో పీట ఖాళీగా ఉంది. మట్టి పట్టిన గుల్లలు రెండు తొట్లు. తోమేవాళ్లు లేరు."

ముక్కు తుడుచుకుని ఆయన మొహంలోకి చూశాను. నాకు రావలసినవి ఉన్నాయన్న తిట్లలో ఇది మొదటిది అని అర్థమైంది. ఇంకా ఎన్ని ఉన్నాయో అడగలేదు. సత్రం ఆవిడ దగ్గర రబ్బరు బూట్లు అడిగి తీసుకుని, ఆయన వెనకే వెళ్లాను.